రబ్బరు పురుగుకు మాటు

చిన్నప్పుడు కోనసీమలో మా వీధికి వేసవి మధ్యాహ్నాల్లో ఒకాయన కావిడి వేసుకుని వచ్చేవాడు. “మాట్లేస్తాం... బిందెలకు మాట్లేస్తాం” అని కేక. చిల్లు పడ్డ ఇత్తడి బిందెల్ని మా అమ్మ అరుగు మీదికి తెచ్చి పెట్టేది. ఆయన కుంపటి రాజేసి, చిల్లు చుట్టూ గీకి గీకి శుభ్రం చేసి, కరిగిన లోహాన్ని దాని మీద ఒక్క చుక్క జార్చి రుద్దేవాడు. బిందెలో నీళ్లు పోసి చూపించి మరీ డబ్బులు అడిగేవాడు. నేను బడి ఎగ్గొట్టి అయినా ఆయన పక్కన కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్లు. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో మా ఇంటి గ్యారేజీలో కూర్చుని నేనూ మాట్లు వేస్తున్నాను. బిందెలకు కాదు, బాస్ చేపలకు ఎరగా వేసే రబ్బరు పురుగులకు. మాటు వేయడమంటే పొంచి ఉండటం కూడా కదా. చెట్టు మొద్దు పక్కనో, నాచు కిందో మాటు వేసి, ఎదురుగా వచ్చినదాన్ని ఒక్క గుటకలో మింగే చేప బాస్. దాని మాటు దానిది, నా మాటు నాది.

చేపల వేట నాకు కొత్త కాదు. మా పంటకాలువలో వెదురు కర్రకు గాలం కట్టి, బెండు వేసి, కొబ్బరి మొదళ్లలో తవ్విన ఎర్రల్ని గుచ్చి జెల్లల్నీ మట్టగిడసల్నీ పట్టినవాణ్ణే. 1984లో టెలిఫోను పరికరాల ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక, బతికిన ఎర్ర బదులు బొమ్మ ఎర్రను గుచ్చడం చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వు మొదటి బాస్ పడేదాకానే. పురుగులు చిరగడం మొదలైంది ఆ రోజు నుంచే. ఇన్నేళ్లలో వాటిని అతికి, కాల్చి, కరిగించి, చేతులు బొబ్బలెక్కించుకుని నేర్చుకున్నవి రాస్తున్నాను. ఇవి ముఖ్యమైనవాటి వరసలో లేవు, నాకు బుద్ధి వచ్చిన వరసలో ఉన్నాయి.

1. రబ్బరు అంటాం గానీ రబ్బరు కాదు

ఇక్కడివాళ్లు కూడా రబ్బరు వార్మ్ అనే అంటారు. అందులో రబ్బరు అన్నది లేదు. మన ఇళ్లలో నీళ్ల గొట్టాలు దేనితో చేస్తారో ఆ పీవీసీయే ఇది. గొట్టం కర్రలా ఉంటుంది, పురుగు జున్నులా ఉంటుంది. తేడా అంతా అందులో కలిపే నూనెలాంటి ద్రవంలో ఉంది. దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. పీవీసీ పొడిని అందులో కలిపితే చిక్కటి పాలలాంటి ప్లాస్టిసోల్ వస్తుంది. సుమారు 350 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 175 డిగ్రీల చిల్లర వేడి తగిలితే పొడి ఆ నూనెను పీల్చుకుని ముందు ముద్దకడుతుంది, తర్వాత తేనెలా జారుతుంది. అచ్చులో పోసి చల్లారిస్తే పురుగు తయారు.

దీన్ని మొదట వ్యాపారానికి తెచ్చింది నిక్ క్రీమ్ అనే ఆయన. 1949లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో భార్యాభర్తలిద్దరూ తమ వంటింటి పొయ్యి మీదే కాచి పోశారు. తర్వాత ఆ కంపెనీ టెక్సస్‌లోని టైలర్‌కు వచ్చింది. మా ఇంటి నుంచి తూర్పుగా వంద మైళ్లు.

ఈ పీవీసీ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇలా వేడికి ముద్దయిన ఈ పదార్థం మళ్లీ వేడి తగిలితే కరుగుతుంది. చిరుగు రెండు అంచులూ కరిగించి కలిపితే అది అతుకు కాదు, మళ్లీ ఒకే ముక్క. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఆరేళ్లు రకరకాల జిగుర్లతో కుస్తీ పట్టాను. లోపలి నూనె ఎప్పుడూ పైకి చెమర్చుతూ ఉంటుంది. జిడ్డు నుదుటికి బొట్టుబిళ్ల నిలవదు చూడండి, దాని మీద మామూలు జిగురు సంగతీ అంతే.

2. డబ్బు మిగులుతుందని అయితే ఈ పని పెట్టుకోకండి

పది పురుగులుండే ప్యాకెట్టు ఏడెనిమిది డాలర్లు. ఒక పురుగును శుభ్రంగా అతకడానికి అయిదు నిమిషాలు పడుతుంది. కూలి గిట్టదు. “పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే రోజులు పోయాయి గానీ మీ బుద్ధి పోలేదు” అని మా ఆవిడ అననే అంటుంది. నిజమే. కానీ నేను దీన్ని పొదుపు కోసం మొదలుపెట్టలేదు.

మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు, రైల్వేలో చేసి రిటైరైనవాడు. నాకు గాలం విసరడం నేర్పింది ఆయనే. ఆయన గ్యారేజీలో ఒక కాఫీ డబ్బా నిండా చిరిగిన పురుగులు ఉండేవి. శీతాకాలం సాయంత్రాలు ఒక్కోటే తీసి వేడి కత్తితో అతికేవాడు. ఆయన దగ్గర ఊదా రంగు ఒళ్లు, ఎర్రటి తోక ఉన్న పురుగులు కొన్ని ఉండేవి. ఆ రంగు పోయడం మానేసి అప్పటికే చాలా ఏళ్లయింది. ఊరు మారి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తొమ్మిది పురుగులున్న సంచి నా చేతిలో పెట్టాడు. దుకాణంలో దొరకనిది చిరిగితే ఏం చేస్తాం? అతుక్కోవాలి.

ఇంకో కారణం ఉంది. అది తర్వాతి పాఠం, నా మటుకు నాకు అసలు పాఠం.

3. అతికే ముందు చిరుగును చదవండి

కొత్తలో లేక్ ఫోర్క్‌కు వెళ్లాం ఆ ముసలాయనా నేనూ. డాలస్‌కు తూర్పున ఉన్న పెద్ద చెరువు అది. 1980లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. పెద్ద బాస్‌లకు దేశమంతా పేరు. అక్కడ పదహారు అంగుళాల నుంచి ఇరవై నాలుగు అంగుళాల దాకా ఉన్న బాస్‌ను మళ్లీ నీళ్లలో వదిలేయాలి, రూలు. ఆ పొద్దు నాకు రూలుతో పని పడలేదు. గంటలో ఆరు పురుగులు చిరిగాయి, ఒక్క చేపా పడలేదు. “చేపలు కొరికి పారిపోతున్నాయి” అన్నాను ఉక్రోషంగా. ఆయన ఆ ఆరింటినీ అరచేతిలో వరసగా పేర్చుకుని చూశాడు. ఆరూ ముక్కు దగ్గరే చీలి ఉన్నాయి. “ఇవి చేప చింపినవి కావు, నువ్వు చింపినవి” అన్నాడు.

టెక్సస్ రిగ్ అనే పద్ధతిలో కొక్కెం మొనను పురుగు ముక్కులోంచి పావు అంగుళం లోపలికి దించి, పక్కకు తీసి, మళ్లీ ఒంట్లో దాచిపెడతాం. పైన తూటాలాంటి చిన్న సీసం గుండు ఉంటుంది. గాలాన్ని ఈడ్చి కొడితే ఆ విసురుకు పురుగు కొక్కెం మీద కిందికి జారుతుంది. జారినప్పుడల్లా ముక్కు కాస్త కాస్త చీలుతుంది. నేను వంగతోటలో కాకుల్ని తోలుతున్నట్టు విసురుతున్నాను మరి. దీనికి మందు మాటు వేయడం కాదు, విసరడం నేర్చుకోవడం. ఇంకో ఉపాయం కూడా ఆయనే చూపించాడు. కొక్కెం కన్ను పురుగు తలలో మునిగాక, బరువు చేపలకు వాడే మందపాటి నైలాను దారం ముక్కను పక్క నుంచి గుచ్చి, ఆ కన్నులోంచి అవతలికి తీసి, రెండు వైపులా పైపైన కత్తిరించేయాలి. మేకు దిగ్గొట్టినట్టే, ఇక పురుగు జారదు. చీలిన ముక్కు మరీ పాడైతే పావు అంగుళం కోసేసి మళ్లీ గుచ్చండి. పురుగు పొట్టిదైతే చేపకేం పట్టదు.

కడుపు మీద పొడుగ్గా గీత పడి ఉంటే అది కొక్కెం మొన పని. అదే బెజ్జంలోంచి మొనను పదే పదే తీసి దాచడం వల్ల వస్తుంది. అది మంచి చిరుగు. చేప పట్టిందనీ, మీరు గాలం గట్టిగా లాగారనీ దానర్థం. మాటుకు బాగా లొంగుతుంది.

నడుం దగ్గర తెగితే వాకీ రిగ్ అని చూడకుండానే చెప్పొచ్చు. పురుగు మధ్యలో అడ్డంగా కొక్కెం గుచ్చి రెండు కొసలూ ఆడేలా వదిలే పద్ధతి అది. దానికి పేరుపడ్డ సెంకో పురుగుల్లో ఉప్పు దట్టించి ఉంటుంది. ఆ ఉప్పు బరువుకే సీసం లేకుండా నెమ్మదిగా వణుక్కుంటూ దిగుతుంది, ఆ ఉప్పు వల్లే ఇట్టే తెగుతుంది కూడా. ఒక చేప, మహా అయితే రెండు. వీటికి మాటు కన్నా ముందుజాగ్రత్త మేలు. నడుముకు చిన్న ఓ-రింగ్ తొడిగి, కొక్కేన్ని పురుగులోకి కాకుండా ఆ రింగు కిందికి దూర్చండి. కరెంటు తీగలకు వాడే ముడుచుకునే గొట్టం ముక్క తొడిగినా సరే. ఒక్కో పురుగు మీద నేను అయిదారు చేపలు పట్టాను ఇలా.

తోక ఒక్కటే పోయిందా? బాస్ కాదు, బ్లూగిల్ పిల్లలు. మన పరిగెల్లాంటి చిన్న చేపలు, గుంపుగా చేరి కొసల్ని కొరుకుతాయి. అక్కడ గాలం వేసుకుని కూర్చోవడం దండగ, చోటు మార్చాలి. ఇది పురుగును చూస్తే తెలిసిందే గానీ నీళ్లను చూస్తే తెలిసేది కాదు.

ఇలా చదవడం అలవాటయ్యాక నా పురుగులు చిరగడం సగానికి సగం తగ్గింది. నేను మంచి మాట్లగాణ్ణి అయ్యే సరికి మాట్లు వేయాల్సిన పనే తగ్గిపోయింది. ఇదీ వరస!

లేక్ ఫోర్క్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. టెక్సస్‌లో ఇప్పటికీ రికార్డు బాస్ అక్కడిదే, 18.18 పౌన్లు, 1992 జనవరిలో పడింది. ఏ పురుగుకు అనుకున్నారు? పురుగుకు కాదు. ఎవరో వేరే రకం చేప కోసం బతికిన చిన్న చేపను ఎరగా వేస్తే దానికి పడింది. మా బోటి వాళ్లకు కాస్త మింగుడుపడని సంగతే.

4. కత్తి వేడి పొగ చెబుతుంది

పద్ధతి చెబుతాను. పురుగును ముందు సబ్బునీళ్లలో కడిగి, కాగితంతో పిండినట్టు తుడవండి. చేప జిగట, పైన పూసిన వెల్లుల్లి వాసన నూనె, ఉప్పు, ఏది మిగిలినా అంచులు కలవవు. బిందెకు మాటు వేసే ఆయన అంతసేపు ఎందుకు గీకేవాడో నాకు ఇక్కడ కూర్చున్నాక అర్థమైంది.

పలచటి పాత కత్తి ఒకటి ఈ పనికే కేటాయించండి. గ్యాసు లైటరు మీదో, స్పిరిటు దీపం మీదో వేడి చేయండి. కొవ్వొత్తి వద్దు, మసి పడుతుంది, ఆ మసి అతుకులో నల్లటి గీతగా మిగిలి అక్కడే మళ్లీ తెగుతుంది. కత్తి ఎర్రబడితే పనికిరాదు. తగిలీ తగలగానే పొగ లేచి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే అది మాడింది, కరగలేదు. చురుక్కుమనకుండా, అంచులు నెయ్యి రాసినట్టు మెరిసి కత్తి జారుతుంటే అదీ సరైన వేడి. కత్తిని చిరుగులో పెట్టి రెండు అంచులకూ ఒకేసారి తగిలించాలి. ఒకటి, రెండు అని లెక్కపెట్టి బయటికి జార్చి, వెంటనే వేళ్లతో నొక్కిపట్టాలి. పదిహేను దాకా లెక్కపెట్టి చన్నీళ్లలో ముంచాలి. చూడటానికి ఇంతే. మొదటి ఇరవై పురుగులూ పాడవుతాయి, పాడవనివ్వండి.

ఒక్కటి మరిచిపోకండి. చల్లారేటప్పుడు పురుగు సూటిగా ఉండాలి. వంకరగా ఆరితే వంకరగానే గడ్డకడుతుంది, నీళ్లలో బొంగరంలా తిరిగి మీ దారానికి మెలికలు వేస్తుంది. కారులో ఎండకు వంకరపోయిన పురుగుల్ని కూడా ఇలాగే బాగుచేయొచ్చు. మరిగే నీళ్లలో కాసేపు వేసి తీసి, పళ్లెంలో తిన్నగా పరిచి చన్నీళ్లు పోయండి. కత్తీ వద్దు, మంటా వద్దు.

తోక పోయిన దానికి ఇంకో పురుగు తోక అతకడం ఇదే పద్ధతి. రెండు కొసల్నీ బ్లేడుతో నున్నగా కోసి, కత్తిని మధ్యలో పెట్టి తీసి, ఎదురెదురుగా అదమాలి. నల్ల ఒంటికి పసుపుపచ్చ తోక అతికి చూడండి. దుకాణంలో అలాంటివి వేరే పేరు పెట్టి అమ్ముతారు.

5. జిగురు దాని చోట దాన్ని ఉండనివ్వాలి

వేడి మీద నాకున్న పక్షపాతం మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అయినా పడవలో జిగురే దిక్కు. గాలికి లైటరు వెలగదు, వెలిగినా పెట్రోలు ట్యాంకు పక్కన వెలిగించే పని కాదు. పురుగుల కోసమే అమ్మే జిగురు ఉంది. అది అంటుకునేది కాదు నిజానికి, రెండు అంచుల్నీ కొద్దిగా కరిగించి కలిపేస్తుంది. రెండు మూడు నిమిషాలు పట్టుకుని కూర్చునే ఓపిక ఉండాలి.

సూపర్ గ్లూ మాత్రం అతుకు కోసం వద్దు. అది గాజులా గట్టిపడుతుంది, దాని పక్కనున్న మెత్తటి భాగం మడతపడి అక్కడ కొత్త చిరుగు మొదలవుతుంది. జిగ్ హెడ్, అంటే సీసం తల ఉన్న కొక్కెం, దాని మెడ దగ్గర ఒక్క చుక్క వేసి పురుగును జారకుండా పట్టి ఉంచడానికైతే దాన్ని మించింది లేదు. ఒకసారి పడవ ఊగి నా చూపుడు వేలు, పురుగు, జిగ్ హెడ్ మూడూ కలిసిపోయాయి. రేవుకు వచ్చేదాకా మా మనవడు “తాతయ్యా, చేప పడింది” అని నవ్వుతూనే ఉన్నాడు.

6. వంటింటికి దూరంగా

ఒక సంక్రాంతి ముందు రోజు, బయట చలి అని, వంటింట్లో గ్యాసు పొయ్యి మీద కత్తి కాల్చి నాలుగు పురుగులు అతికాను. పొగ గంట మోగింది. మా ఆవిడ అరిసెల పాకం పొయ్యి మీద పెట్టి ఉంది. ఆ తర్వాత జరిగింది రాయను.

పీవీసీ మాడితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. నిక్ క్రీమ్ దంపతులు వంటింట్లో చేశారు కదా అని మనమూ చేయక్కర్లేదు. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి, ఫ్యాను మన వెనకనుంచి బయటికి వీచేలా పెట్టి కూర్చోవాలి. కరిగించడానికి వాడిన గిన్నెలో, మైక్రోవేవ్‌లో మళ్లీ జన్మలో అన్నం వేడిచేయకూడదు.

7. అన్నీ ఒక పెట్టెలో కాపురం చేయవు

ఈమధ్య సాగే రకం పురుగులు వచ్చాయి. జేబురుమాలంత పొడుగు సాగుతాయి, చిరగమంటే చిరగవు, నీళ్లలో తేలతాయి. ఇవి పీవీసీ కాదు, థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్. భలేగా ఉన్నాయని కొని, పాతవాటితో కలిపి ఒకే అరలో పడేశాను. మూడు వారాల తర్వాత తెరిస్తే అందులో పురుగులు లేవు, కాకరకాయ పులుసులా ఒక బంక ఉంది. నా పురుగుల్లోని నూనెను అవి పీల్చుకున్నాయి, రెండూ కలిసి కరిగాయి. పురుగు జిగురు కూడా ఆ సాగే రకానికి పనిచేయదు. దేని సంచిలో దాన్ని ఉంచండి. రంగులు కూడా ఒకదానికొకటి అంటుకుంటాయి, ముఖ్యంగా ఎరుపు. కొత్త చీర ఉతికినట్టే.

8. రెండు మాట్లు, తర్వాత డబ్బా

ఒకే చోట రెండుసార్లు అతికాక ఇక ఆ పురుగు వదిలేయాలి. వేడి తగిలినప్పుడల్లా కాస్త నూనె పోతుంది, ఆ చోటు గట్టిపడి గుండీలా అవుతుంది. ఉప్పు పురుగులకైతే ఒక్క మాటే ఎక్కువ, ఉప్పు రేణువులు అంచుల మధ్య అడ్డం పడతాయి.

వదిలేసినవి కాఫీ డబ్బాలో చేరతాయి. డబ్బా నిండితే కరిగించి కొత్తవి పోస్తాను. ముక్కలుగా కోసి, వేడికి ఓర్చే గాజు కప్పులో వేసి, గ్యారేజీలోని పాత మైక్రోవేవ్‌లో కొద్దికొద్దిగా తిప్పుతూ కరిగించాలి. థర్మామీటరు ఉండాలి, 400 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరికి పోనివ్వకూడదు. ఉప్పు అడుక్కు దిగుతుంది, కలుపుతూ పోయాలి. పాత ప్లాస్టిక్ పదే పదే కాగితే పసుపుబారుతుంది. కొంచెం కొత్త ప్లాస్టిసోల్ కలిపితే మళ్లీ ప్రాణం వస్తుంది. అచ్చు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక మంచి పురుగును సగం లోతు ముంచి ఆరబెట్టి, తీసి, గుంటకు తెల్ల జిగురు నీళ్లలో కలిపి మూడు పూతలు పూస్తే చాలు. పూర్తిగా ఆరాలి. ఈ మాట రెండుసార్లు చదవండి. ఒకసారి అచ్చులో తేమ ఉండగా పోశాను. తేమ ఆవిరై కరిగిన ప్లాస్టిక్‌ను పోపులో ఆవాల్లా చిమ్మింది. ఆవాలైతే చురుక్కుమని ఊరుకుంటాయి, ఇది చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. కుడి ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు, తోలు తొడుగులు లేకుండా ఆ కప్పు ముట్టను.

రంగుల వారీగా వేరు చేసే ఓపిక నాకు లేదు. అన్నీ కలిపేస్తే ఎప్పుడు పోసినా గోంగూర పచ్చడి రంగే వస్తుంది. తమాషా ఏమిటంటే, ఇక్కడ దుకాణాల్లో ఎక్కువ అమ్ముడయ్యే గ్రీన్ పంప్‌కిన్ అనే రంగు దాదాపు అదే.

ముక్కలైనవన్నీ డబ్బాకే వెళ్లాలని లేదు. కాన్సస్‌లో నెడ్ కేడీ అనే వేట రచయిత పేరు మీద నెడ్ రిగ్ అని ఒకటి ప్రచారంలోకి వచ్చింది. పుట్టగొడుగు తలలాంటి చిన్న జిగ్ హెడ్‌కు రెండున్నర మూడంగుళాల ముక్క తొడిగితే చాలు. సెంకో నడుం దగ్గర తెగితే రెండు నెడ్‌లు వచ్చాయనుకోండి.

రెండు మాట్ల నియమాన్ని నేను ఒక్కదాని విషయంలో తప్పాను. ముసలాయన ఇచ్చిన ఊదా పురుగుల్లో చివరిదానికి నాలుగు అతుకులున్నాయి. దాన్ని ఇప్పుడు గాలానికి కట్టడం లేదు.

9. కప్ప సంగతి వేరు

ఖమ్మం జిల్లాలో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ కుర్రాళ్లు ఇప్పుడు చెరువుల్లో కొరమీనుకు బొమ్మ కప్పల్ని విసురుతున్నారట. లోపల బోలుగా, వీపు మీద జంట కొక్కేలతో ఉండే మెత్తటి కప్పలు. తామరాకుల మీద ఈడిస్తే కొరమీను ఆకు చీల్చుకుని వచ్చి పట్టేస్తుంది. బాస్ నోరు గరుకు కాగితంలా ఉంటుంది అంతే. కొరమీనుకు పళ్లుంటాయి. రెండు చేపలకే కప్పకు చిల్లులు పడి, నీళ్లు ఎక్కి మునుగుతోందని వాడి బాధ. “మావయ్యా, నువ్వు చెప్పినట్టు వేడి కత్తి పెట్టాను, చిల్లు రూపాయి బిళ్లంత అయింది” అన్నాడు.

తప్పు నాది. పురుగు గట్టిగా నిండి ఉంటుంది, వేడి లోపలికి పాకి ఆగుతుంది. కప్ప చర్మం పలచన, వెనక ఖాళీ. కత్తి తగిలితే దూసుకుపోతుంది. ఇక్కడ జిగురే గెలుస్తుంది. ముందు కప్పను పిండి నీళ్లు తీసి ఒక రాత్రి ఆరబెట్టాలి. పాడైన ఇంకో కప్ప కడుపులోంచి చిన్న ముక్క కోసి, గాలి ఊదే ఈతకొలను బొమ్మల చిల్లులకు వాడే వినైల్ జిగురు రాసి, సైకిలు ట్యూబుకు పంక్చరు వేసినట్టు పైన అంటించాలి. మర్నాటిదాకా కదపకూడదు. వాడి కప్ప ఆ తర్వాత ఇంకో అయిదు కొరమీన్లను పట్టిందని చెప్పాడు. తెలంగాణ రాష్ట్ర చేపను అన్నిసార్లు మోసం చేయడం న్యాయమా అని అడిగాను.

కొరమీను పులుసు తిని నాకు చాలా ఏళ్లయింది. ఆ జాతి చేపల్ని బతికుండగా ఈ దేశంలోకి తేవడం, రాష్ట్రం దాటించడం 2002 నుంచి నేరం. చెరువుల్లో పడితే మిగతా చేపల్ని బతకనివ్వవని వీళ్ల భయం.

10. చిరిగిన ముక్క నీళ్లలో వేయకండి

పురుగు తెగగానే కొక్కెం మీద మిగిలిన ముక్కను పీకి పడవ పక్కకు విసిరేయడం ఇక్కడ చాలామందికి అలవాటు. నేనూ ఏళ్ల తరబడి విసిరాను. ఒక రోజు రేవు దగ్గర చేపలు కోసే బల్ల మీద ఒకాయన క్యాట్‌ఫిష్ కడుపు చీలిస్తే మూడు పురుగు ముక్కలు బయటపడ్డాయి. మెత్తటివి కావు. ఉబ్బి, గట్టిపడి, చిన్న చెక్కముక్కల్లా ఉన్నాయి. లోపలి నూనె పోయి అలా అవుతాయి, చేపకు అరగవు. మెయిన్ రాష్ట్రంలో 2013లో అసలు ఈ ఎరలనే నిషేధించాలని బిల్లు పెట్టారు. నిషేధం రాలేదు గానీ, అంతదాకా తెచ్చింది మనం విసిరిన ముక్కలే.

నా చొక్కా జేబులో ఒక చిన్న జిప్పు సంచి ఉంటుంది. తెగిన ప్రతి ముక్కా అందులోకే. మీరూ ఒకటి పెట్టుకోండి. అతికే ఓపిక మీకు లేకపోతే, రేవు దగ్గర మడత కుర్చీలో కూర్చుని చేపలు పట్టే నాలాంటి ముసలాయన ఎవరైనా కనిపిస్తే ఆ సంచి ఆయనకు ఇచ్చేయండి. వద్దనడు.